హైవే ర్యాంపు పని డైరీ: కింద దారి తడవకూడదు

ఫిబ్రవరి 9

ఈ సైటుకు వచ్చి నాలుగు రోజులైంది. ఇంతకు ముందు చేసిన సైట్లలో డైరీ రాయలేదు. రెండేళ్లు గడిచాక ఎవరైనా వచ్చి ఇక్కడ గోడ ఇలా ఎందుకు కట్టారు అని అడిగితే చూపించడానికి మెజర్‌మెంట్ బుక్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు, అందులో కొలతలుంటాయి గానీ కారణాలుండవు. అందుకే ఈసారి మొదటి నుంచీ రాసి పెట్టుకుంటున్నాను.

ఊరి పేరు రాయడం లేదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద చిట్యాలకూ సూర్యాపేటకూ మధ్య అనుకోండి. మా నాన్న తరం దీన్ని ఇప్పటికీ 9వ నంబరు రోడ్డనే అంటుంది, 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చినప్పుడు ఇది 65 అయింది. 2012 చివరికి నాలుగు లైన్లు పూర్తయ్యాయి. అంతకు ముందు రెండు లైన్ల రోడ్డు ఊరి నడుమ నుంచే పోయేది, బస్సో లారీయో వచ్చేలోపు జనం ఇటు నుంచి అటు దాటేసేవాళ్లు. నాలుగు లైన్లయ్యాక మధ్యలో మీడియన్, అంటే డివైడర్, వచ్చింది, బండ్ల వేగం పెరిగింది, ఊరు రెండు ముక్కలైంది. బడి, రేషన్ షాపు, బస్టాప్ ఉత్తరం వైపు. చెరువు, ముప్పాతిక వంతు పొలాలు, ఎస్సీ కాలనీ దక్షిణం వైపు. నడుమ ఒక మీడియన్ ఓపెనింగ్, దానికి ఒక పసుపు బ్లింకర్. పదేళ్లకు పైగా ఊరంతా ఆ ఒక్క లైటును నమ్ముకుని రోడ్డు దాటుతోంది.

బ్లాక్ స్పాట్ అనే మాటకు ఒక లెక్క ఉంది. అర కిలోమీటరు ముక్కలో మూడేళ్ల కాలంలో ప్రాణాలు పోయిన ప్రమాదాలు, తీవ్రంగా గాయపడ్డ ప్రమాదాలు కలిపి ఐదు జరిగినా, లేదా పది మంది చనిపోయినా ఆ ముక్కకు ఆ పేరు పెడతారు. ఈ హైవే మీద తెలంగాణ వైపు అలా 17 చోట్లను గుర్తించారు: చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, కట్టంగూర్, ఇనుపాముల, టేకుమట్ల, సూర్యాపేట జనగామ క్రాస్ రోడ్డు, ఇలా కోదాడ దాటేదాకా. కొన్నిచోట్ల అండర్‌పాస్, కొన్నిచోట్ల సర్వీస్ రోడ్లు, జంక్షన్ సరిచేయడం. మాది అండర్‌పాస్ పని. హైవేను రెండు వైపులా ర్యాంపులతో పైకి లేపాలి, కింద బాక్స్ కట్టి ఊరి రోడ్డును దాని గుండా పోనివ్వాలి, పక్కన సర్వీస్ రోడ్లు వేసి వాటిని హైవేలో కలిపే నోళ్లను కొత్తగా కట్టాలి.

ఫిబ్రవరి 14

మీడియన్ ఓపెనింగ్ దగ్గర పొద్దున ఆరు నుంచి తొమ్మిదిదాకా ఊరికే కూర్చుని చూశాను. డ్రాయింగులో ఇది ఒక గీతను ఇంకో గీత అడ్డంగా కోసే చోటు, అంతే.

పాలక్యాన్లు కట్టిన బైకులు, గేదెలు, కూలీలతో పోయే ఆటోలు, సైకిళ్ల మీద బడిపిల్లలు. దక్షిణం నుంచి వచ్చిన ట్రాక్టరు ఎడమకు తిరిగి కిలోమీటరున్నర పోయి యూటర్న్ తీసుకోవాలి. ఎవరూ అలా పోవడం లేదు, డీజిల్ ఎవరిస్తారు? రోడ్డు అంచున రాంగ్ రూట్‌లో ఎదురుగా వస్తారు. ఆ ఎదురొచ్చే ట్రాక్టరుకు రాత్రిపూట వెనకా లైటుండదు, ముందూ ఒకటే వెలుగుతుంది, దూరం నుంచి చూసేవాడు బైకనుకుంటాడు. గత మూడేళ్ల ప్రమాదాల కాగితంలో సగానికి సగం ఇలాంటివే.

బస్టాప్ పక్కన టీ హోటల్ నడిపే అక్క ఉంది. "సారూ, ఎత్తులేపి పైనుంచి బండ్లు పోనిస్తరు, మంచిదే. మరి మా బస్సు గూడ పైనుంచే పోతదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నోట్‌బుక్‌లో రాసుకుని గుండ్రం చుట్టాను.

ఫిబ్రవరి 21

లెవెల్స్ తీశాం, అంటే ఎక్కడ నేల ఎంత ఎత్తుందో కొలిచాం. నన్ను నిద్రపోనివ్వని విషయం ఇక్కడ బయటపడింది.

బాక్స్ వెడల్పు 12 మీటర్లు, లోపలి ఎత్తు 4 మీటర్లు. ఆటోలు, ట్రాక్టర్లు, చిన్న లారీలు పట్టే సైజు. అయితే ఆ నాలుగు మీటర్ల కోసం డ్రాయింగులో నేలను 60 సెంటీమీటర్లు కిందికి తవ్వమన్నారు. కారణం తెలిసిందే. కింద తవ్వితే పైన ర్యాంపు ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే పొడవు తగ్గుతుంది, మట్టి, ప్యానెళ్లు, గోడ అన్నీ తగ్గుతాయి. కాగితం మీద చూస్తే తెలివైన పనే.

నీళ్లు పోవాల్సిన దారి మాత్రం బాక్స్‌కు 60 మీటర్ల దూరంలో ఉన్న పాత కల్వర్టు. ఆటో లెవెల్ (ఎత్తులు చూసే పరికరం) పెట్టి కల్వర్టు అడుగు చూశాం, దాన్ని 100.00 మీటర్లు అనుకుంటే సహజ నేల 100.30, తవ్వాక బాక్స్ నేల 99.70. అంటే బాక్స్ కల్వర్టు అడుగు కన్నా 30 సెంటీమీటర్లు కిందుంటుంది. నీళ్లు ఎగువకు పారవు కదా. కొలకర్ర (లెవెలింగ్ స్టాఫ్) మార్చి, బెంచ్‌మార్క్ మార్చి మూడుసార్లు చదివించాను, లెక్క మారలేదు.

డ్రాయింగులో దీనికీ ఒక పరిష్కారం రాశారు: సంపు, రెండు మోటార్లు. మోటారుకు కరెంటు కావాలి, స్టార్టరు కావాలి, వాన పడుతున్న రాత్రి రెండింటికి లేచి స్విచ్చు వేసే మనిషి కావాలి. మేం పని అప్పగించి వెళ్లిపోయాక ఆ మనిషి ఎవరు? పట్టణాల్లో రైల్వే అండర్‌పాస్‌ల కింద బస్సులు సగందాకా మునిగి ఆగిపోయిన ఫోటోలు ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. పల్లెలో అయితే ఫోటో తీసేవాళ్లు కూడా ఉండరు. నీళ్లు నిలిస్తే జనం చేసే పని ఒకటే, ర్యాంపు ఎక్కి క్రాష్ బారియర్ దూకి పైనే దాటుతారు. పైన వేగం ఇప్పటికన్నా ఎక్కువ ఉంటుంది. అప్పుడు మనం కట్టింది ప్రాణాల మీదికి తెచ్చినట్టే.

ఫిబ్రవరి 26

ఆఫీసులో మాట్లాడాను. లోపలి ఎత్తు మూడున్నరకు తగ్గిస్తే తవ్వే బాధ చాలావరకు తప్పుతుంది కదా అని ఒకరన్నారు. వెంటనే కాదనలేదు, కొలిచి చెప్తానన్నాను.

సాయంత్రం యాసంగి కోతల కన్నా ముందే గడ్డి తోలుకునే ట్రాక్టరు ఒకటి దొరికింది. వరిగడ్డి మోపులు ట్రాలీ దాటి నాలుగు వైపులా బయటికొచ్చి, పైన తాళ్లతో బిగించి ఉన్నాయి. డ్రైవరు కుర్రాడిని బతిమాలి చదును జాగాలో ఆపించాను. లెవెలింగ్ స్టాఫ్‌ను ట్రాలీ పక్కన నిలబెట్టి, హెల్పరు గడ్డి మీదికెక్కి ఒక సన్నకర్రను అడ్డంగా పట్టుకున్నాడు, కర్ర స్టాఫ్‌ను తాకిన చోట నేను చదివాను: 3.82. గడ్డి పైన కూర్చుని వచ్చిన పెద్దాయన కిందికి దిగి, "నేను కూసుంటె ఇంకో మూరెడు గావాలె బిడ్డా" అన్నాడు. ఆయన కూర్చున్న లెక్క నేను రిపోర్టులో రాయలేను, కానీ 3.82 రాశాను, ఫోటో జత చేశాను. మూడున్నర మీటర్ల మాట ఆ రోజుతో ఆగిపోయింది.

కాబట్టి దారి ఒక్కటే మిగిలింది. నేల తవ్వొద్దు, ఎత్తు తగ్గించొద్దు, ర్యాంపునే 60 సెంటీమీటర్లు పైకి లేపాలి. వాలు 40కి 1, 40 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. అంటే ఒక్కో వైపు 24 మీటర్లు పొడవు పెరుగుతుంది. అప్పుడు బాక్స్ నేల కల్వర్టు అడుగు కన్నా 30 సెంటీమీటర్లు పైనుంటుంది, 60 మీటర్లలో 30 సెంటీమీటర్లంటే 200కి 1, సిమెంటు కాలువలో నీళ్లు తమంతట తామే పోతాయి. మోటార్లు అక్కర్లేదు. ప్రపోజల్ రాసి పంపాను. రాసేటప్పుడు ఖర్చు కాలమ్ పక్కనే సంపు, మోటార్లు, వాటికి పదేళ్ల కరెంటు, మనిషి జీతం కూడా వేశాను. ఎప్పుడూ మొదటి ఖర్చే చూస్తారు, అందుకే రెండోదాన్ని పక్కనే పెట్టాలి.

ఏప్రిల్ 8

ఆమోదం వచ్చింది. ఆరు వారాలు పట్టింది. ఫోన్ చూసుకుని సైట్ ఆఫీసు బయటికొచ్చి కాసేపు ఒక్కడినే నిలబడ్డాను, అంత సంతోషమేసింది.

ఇబ్బంది లేకపోలేదు. హైదరాబాద్ వైపు ర్యాంపు 24 మీటర్లు పెరిగేసరికి దాని చివర పెట్రోల్ బంకు దారికి ఎదురుగా వస్తోంది. ర్యాంపు దిగే బండి వేగంగా వస్తుంది, బంకులోంచి వచ్చేది మెల్లగా వస్తుంది, రెండూ ఒకే చోట కలవకూడదు. సర్వీస్ రోడ్డు హైవేలో కలిసే నోటిని ఇంకా ముందుకు జరిపి, బంకుకు సర్వీస్ రోడ్డు మీదినుంచే దారి ఇచ్చాం. బంకాయన మొదట ఒప్పుకోలేదు. గిరాకీ పోతుందని ఆయన భయం, అది న్యాయమైనదే. ముందే కనిపించేలా బోర్డు పెట్టిస్తామని రాతపూర్వకంగా ఇచ్చాక సరేనన్నాడు.

మే 3

సర్వీస్ రోడ్లు ముందు. ఇది ఎవరూ ఫోటో తీయని పని, కానీ ఇది బాగుంటేనే మిగతాదంతా జరుగుతుంది. హైవే మీది ట్రాఫిక్ మొత్తం ఏడాది పాటు వీటి మీదే నడవాలి కాబట్టి తారు మందం తగ్గించొద్దని గట్టిగా పట్టుబట్టాను. డైవర్షన్ మొదలయ్యే చోట అర కిలోమీటరు ముందు నుంచే బోర్డులు, బ్లింకర్లు, ఇసుక నింపిన డ్రమ్ములు. రాత్రి రెండు గంటలకు నేనే కారు నడుపుకుంటూ రెండు వైపుల నుంచీ వచ్చి చూశాను. విజయవాడ వైపు నుంచి వస్తుంటే మలుపు బోర్డుకు ముందున్న వేపకొమ్మ అడ్డమొస్తోంది. పొద్దున్నే కొమ్మ కొట్టించాం.

మే 27

బాక్స్ పునాది తవ్వితే ఒక చివర చెల్క, రెండో చివర రేగడి. ఒకే రాఫ్ట్ (పునాది పలక) కింద రెండు రకాల నేల ఉంటే ఒక వైపు కుంగుతుంది, ఎర్రనేల గట్టిగా ఉండి నల్లనేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. రేగడిని మీటరు లోతుదాకా తీసేసి కంకర కలిపిన గట్టి మెటీరియల్‌తో పొరలు పొరలుగా నింపి రోలింగ్ చేశాం. నాలుగు రోజులు ఎక్కువైంది.

ఎండ విపరీతం. కాంక్రీటు రాత్రిళ్లే వేస్తున్నాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన షటరింగ్ మేస్త్రి ఉన్నాడు, ఆయన పట్టిన సాల్లో వంకర ఉండదు. ఒడిశా కుర్రాళ్లకు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగుదాకా పని ఆపేయించాను, హోటల్ అక్క రోజూ పెద్ద బిందెతో మజ్జిగ పంపుతోంది, డబ్బులిస్తే తీసుకోవడం లేదు.

ఆగస్టు 2

టాప్ స్లాబ్ పూర్తి. రేపు ఆరు లైన్లు చేసినా మళ్లీ పగలగొట్టాల్సిన పని లేకుండా పొడవు ముందే పెంచి కట్టాం. ఇక ర్యాంపులు.

ర్యాంపు గోడ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దారిన పోయేవాళ్లు ఆ ప్యానెళ్లే మట్టిని ఆపుతున్నాయనుకుంటారు. కాదు. ప్యానెల్ మీటరున్నర పొడవు, అంతే ఎత్తు, 18 సెంటీమీటర్ల మందం, ఒక్కోటి దాదాపు టన్ను బరువు. అది మొహం మాత్రమే. దాని వెనక నుంచి జియోగ్రిడ్ (గట్టి ప్లాస్టిక్) పట్టీలు మట్టిలోకి చాలా లోతుగా పోతాయి. మట్టి పొర, పట్టీ, మట్టి పొర, పట్టీ. మట్టి బరువే పట్టీని నొక్కిపడుతుంది, పట్టీ ప్యానెల్‌ను పట్టుకుంటుంది. అందుకే మట్టి బాగుండాలి: సన్న బంక ఎక్కువుంటే నీళ్లు పట్టుకుంటుంది, జారిపోతుంది. 75 మైక్రాన్ జల్లెడ దాటే పొడి 15 శాతం మించకూడదు. మొదట తెచ్చిన మొరం క్వారీ ఈ పరీక్షలో తప్పింది, అక్కడి నుంచి తోలకం ఆపేసి వేరేచోటు చూసుకున్నాం.

ప్యానెల్ నిలబెట్టేటప్పుడు నిట్టనిలువుగా పెట్టం. లోపలికి కొద్దిగా వంచి పెడతాం, బయట క్లాంపులు, కొయ్య చీలికలు. వెనక మట్టి పోసి రోలర్ తిప్పితే అది బయటికి జరిగి నిలువుకొస్తుంది. ఎంత వంచాలో పుస్తకంలో ఒక అంకె ఉంటుంది, కానీ ఈ మట్టికి, ఈ రోలర్‌కు ఎంతో మొదటి రెండు వరసలు కట్టి కొలిస్తేనే తెలుస్తుంది. మొహానికి మీటరున్నర లోపు పెద్ద రోలర్‌ను రానివ్వకూడదు. అక్కడ చిన్న చేతిరోలర్, ప్లేట్ కాంపాక్టర్ మాత్రమే. ప్యానెల్ వెనకే 60 సెంటీమీటర్ల మందం కంకర, వాన నీళ్లు దాంట్లోంచి కిందికి దిగి బయటికి పోవడానికి.

ఆగస్టు 19

ప్రతి పొరకూ ఇసుక పరీక్ష. పళ్లెం పెట్టి దాని నడుమ రంధ్రంలోంచి గుంట తవ్వాలి, తీసిన మట్టిని చెంచాతో, బ్రష్‌తో ఒక్క గింజ పోకుండా డబ్బాలోకి ఎత్తాలి, తర్వాత సిలిండరులోంచి కొలత తెలిసిన ఇసుకను గుంటలోకి వదలాలి. ఎంత ఇసుక పట్టిందో గుంట అంత. మట్టి బరువును దాంతో భాగిస్తే సాంద్రత. ఆ ఇసుక దిగేటప్పుడు పక్కన రోలర్ తిరగకూడదు, అదురుకు ఇసుక ఎక్కువ దిగి లెక్క తప్పొస్తుంది. ల్యాబ్ కుర్రాడు చెయ్యి పైకెత్తగానే అందరూ బండ్లు ఆపేస్తారు, రెండు నిమిషాలు సైటంతా నిశ్శబ్దం. ల్యాబ్‌లో ఆ మట్టికి వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం రావాలి. ఈ రోజు ఒక పొర 93 దగ్గరే ఆగింది. నీళ్లు తక్కువై పొడిగా ఉంది. గీకించి, ట్యాంకరు తిప్పించి, మళ్లీ రోలింగ్. 97 వచ్చింది.

సెప్టెంబర్ 18

మనసు బాగోలేదు.

నిన్న రాత్రి మూడు గంటల పాటు కుండపోత. పొద్దున్నే మేస్త్రి ఫోన్: "సార్, గోడ ఉబ్బింది సార్, మీరొచ్చి చూడండి." విజయవాడ వైపు ర్యాంపులో నాలుగో వరస ప్యానెళ్లు బయటికొచ్చాయి. దారం కట్టి కొలిస్తే ఒక చోట 45 మిల్లీమీటర్లు. మూడు ప్యానెళ్ల నడుమ సందు వేలు పట్టేంత అయింది, అందులోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి.

కారణం వెతుక్కోనక్కర లేకపోయింది. మొన్న సాయంత్రం పని ఆపేటప్పుడు ఆఖరి పొరను గోడకు దూరంగా, లోపలి వైపు వాలేలా చదును చేసి రోలర్‌తో మూసేయాలి. వాన వస్తే నీళ్లు గోడ వైపు రాకుండా నడుముకు పోవడానికి. ఆ రోజు గ్రేడరు (మట్టి చదును చేసే బండి) తొందరగా వెళ్లిపోయింది, పొర గోడ వైపే వాలి ఉంది. పైనున్న నీళ్లన్నీ గోడ వెనక్కి చేరాయి. కంకర పొర పైన మట్టి కొట్టుకొచ్చి మూసుకుపోయింది, దిగే దారి లేక నీళ్లు ప్యానెల్‌ను నెట్టాయి. తప్పు మాదే. ఆ సాయంత్రం నేను సైట్‌లోనే ఉన్నాను, చూడాల్సింది, చూడలేదు.

సందుల్లోకి సిమెంటు ఇంజెక్షన్ చేసి, బయట పూత పూసి సరిచేయొచ్చని ఒక మాట వినిపించింది. కుదరదన్నాను. కింద పిల్లలు నడుస్తారు. 14 ప్యానెళ్లు విప్పాలి, వెనక మట్టి మొత్తం తీయాలి.

సెప్టెంబర్ 29

విప్పి, తడి మట్టి తీసేసి, కంకర కడిగించి, కొత్త పట్టీలతో మళ్లీ కట్టాం. తొమ్మిది రోజులు పోయాయి. ఇప్పటి నుంచి సాయంత్రం పని ఆపేముందు పొర వాలు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, అది చూడకుండా నేను సైట్ వదలను. మేస్త్రి ఇంకో మంచి పని చేశాడు, పొర అంచున మట్టితో చిన్న గట్టు కట్టిస్తున్నాడు.

అక్టోబర్ మొదటి వారం

సద్దుల బతుకమ్మ. చెరువు దక్షిణం వైపుంది. ఇన్నేళ్లూ ఆడవాళ్లు తలమీద బతుకమ్మలు పెట్టుకుని రోడ్డు మీద బండ్లు ఆపించుకుంటూ దాటేవాళ్లు, పోలీసులు వచ్చి నిలబడేవాళ్లట. సర్పంచ్ రెండు రోజుల ముందు వచ్చి బాక్స్‌లోంచి పోవచ్చా అని అడిగింది. లోపల నేల ఇంకా వేయలేదు, సెంట్రింగ్ సామాను పడి ఉంది. ఆ రెండు రోజులు మిగతా పని పక్కనపెట్టి అంతా ఖాళీ చేయించాం, మెత్తటి మొరం పరిచి నీళ్లు చల్లి రోలర్ తిప్పాం, జనరేటర్ పెట్టి లైట్లు కట్టాం.

చీకటి పడే వేళకు వచ్చారు. తంగేడు, గునుగు, బంతి. బాక్స్ లోపలికి వచ్చేసరికి పాట ఒక్కసారిగా పెద్దదైంది, రెండు గోడల మధ్య చప్పట్లు తిరిగొచ్చాయి. అది విని వెనకవాళ్లు ఇంకా గట్టిగా పాడారు. పైన సగం కట్టిన ర్యాంపు, రెండు పక్కలా సర్వీస్ రోడ్ల మీద లారీలు హారన్లు కొడుతూ పోతున్నాయి, కింద ఎవరికీ ఆ హడావిడి పట్టలేదు. హోటల్ అక్క నా చేతిలో మలీద ముద్ద పెట్టి, "ఎన్నేండ్లకు సారూ, భయం లేకుంట నడిసినం" అంది. ఈ పనిలో ఇంకే రోజు గుర్తు లేకపోయినా ఇది ఉంటుంది.

డిసెంబర్ 22

రెండు ర్యాంపులూ పైదాకా వచ్చాయి. క్రాష్ బారియర్, దాన్ని కింద పట్టి నిలబెట్టే ఫ్రిక్షన్ స్లాబ్ పని నడుస్తోంది. ఇంకేం రాయాల్సిన విశేషం లేదు, పనులు సాఫీగా ఉన్నప్పుడు డైరీ చిన్నదవుతుంది.

జనవరి 10

సంక్రాంతి రద్దీ. పంతంగి టోల్ దాటినప్పటి నుంచి బండ్ల వరస. నాలుగు రోజుల పాటు పని మొత్తం ఆపేశాం, సామానంతా లోపలికి జరిపి సర్వీస్ రోడ్డు అంచులదాకా ఖాళీ చేశాం. గుంటూరు వైపు పోయేవాళ్లు నాగార్జునసాగర్ మీదుగా పోతే నయమని ముందే చెప్తుంటారు, కొందరు వింటారు. రాత్రి పదకొండుకు ఒక కారు రేడియేటర్ వేడెక్కి డైవర్షన్ మధ్యలో ఆగిపోయింది, ఐదు నిమిషాల్లో వెనక కిలోమీటరు నిండింది. మా హైడ్రా (క్రేన్) అక్కడే సిద్ధంగా పెట్టుకున్నాం కాబట్టి పక్కకు లాగేశాం. కారులో చిన్నపిల్ల నిద్రపోతోంది, వాళ్లమ్మకు టెన్షన్, ఇంకా రాజమండ్రిదాకా పోవాలట. సైట్ ఆఫీసులో కూర్చోబెట్టి నీళ్లు, టీ ఇచ్చాం. మెకానిక్ వచ్చేసరికి ఒంటిగంట. తిట్టుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేను, పండక్కి ఇంటికి పోయేవాళ్ల ఆత్రం నాకూ తెలుసు.

మార్చి 15

వెట్ మిక్స్ (తడి కంకర పొర), డీబీఎం (కింది తారు పొర) అయ్యాయి, పై పొర తారు ఈ వారం. ర్యాంపు మీద తారు పరచడం చదును నేల మీద పరిచినట్టు కాదు, పేవర్ ఎప్పుడూ కింది నుంచి పైకి నడవాలి, రోలర్ మలుపు తిరగకూడదు. మిక్స్ 140 డిగ్రీల కన్నా తగ్గిన ఒక టిప్పర్‌ను వెనక్కి పంపాం.

ఏప్రిల్ 11

ర్యాంపులు తెరిచాం. పైన బండ్లు ఆగకుండా పోతున్నాయి. మీడియన్ ఓపెనింగ్ మూసేశాం, ఆ పసుపు బ్లింకర్‌ను విప్పి స్టోరులో పెట్టారు.

మూడు రోజులుగా సర్వీస్ రోడ్డు నోటి దగ్గరే నిలబడి చూస్తున్నాను. సర్వీస్ రోడ్డులోంచి వచ్చే బండి హైవేలో కలవడానికి ముందు పక్కనే పరుగెత్తి వేగం అందుకోవడానికి జాగా ఇచ్చాం. బైకులవాళ్లు అది వాడుకోకుండా నోటి దగ్గరే అడ్డంగా లోపలికి దూరుతున్నారు. చారల పెయింటు సరిపోలేదు, ప్లాస్టిక్ పోస్టులు బిగించాం. వాటిలో రెండు రాత్రికి రాత్రే విరిగాయి, మళ్లీ పెట్టాం. సాయంత్రానికి ఎక్కువమంది చివరిదాకా పోయే కలుస్తున్నారు.

ఏప్రిల్ 24

గుండ్రం చుట్టిన ప్రశ్న. బస్సులు.

హోటల్ అక్క భయపడ్డట్టే అయింది. పల్లెవెలుగు బస్సులు కూడా కొన్ని ర్యాంపు ఎక్కి పైనుంచే పోతున్నాయి. పొద్దున ఏడున్నరకు సూర్యాపేట కాలేజీకి పోయే పిల్లలు ఇరవై మందికి పైగా బస్టాప్‌లో నిలబడి, పైన పోతున్న బస్సుకు చేతులూపుతున్నారు. కొంతమంది ర్యాంపు మొదట్లోకి పరుగెత్తి అక్కడ ఆపుతున్నారు, బండ్లు వేగమందుకునే చోటే. సర్పంచ్‌తో, పిల్లలతో కలిసి డిపోకు వెళ్లాం. డ్రైవర్ల వాదన కూడా విన్నాం, సర్వీస్ రోడ్డు పొడవునా లారీలు పార్కు చేసుంటే బస్సు ఎలా దూరుతుంది అన్నారు. నిజమే. రెండు పనులు చేశాం. సర్వీస్ రోడ్డు మీద లారీలు ఆగకుండా అంచు వెంట రాళ్లు పాతించాం, లారీలకు బంకు వెనక ఖాళీ జాగా చూపించాం. బస్ బే కోసం పక్కకు వెడల్పు చేసి, షెల్టరును బాక్స్ నోటికి నలభై అడుగుల దూరంలో పెట్టాం, కాలనీవాళ్లు కూడా నడిచి రావడానికి. హోటల్ కూడా దాని పక్కకే జరిగింది.

మే 6

ఏడున్నర బస్సు కిందికి వచ్చింది. వరసగా ఆరు రోజులు రాసుకున్నాను, ఆరు రోజులూ వచ్చింది.

జూన్ 17

తొలకరి తర్వాత మొదటి పెద్ద వాన, రాత్రి ఎనిమిది నుంచి పదిన్నరదాకా. గొడుగు, టార్చి, లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని బాక్స్ దగ్గరికి పోయాను. సర్పంచ్, ఇంకో పది మంది అప్పటికే అక్కడున్నారు, వాళ్లకూ అదే అనుమానం.

వాన బలంగా ఉన్నప్పుడు కాలువ అంచుదాకా నిండి పారింది. బాక్స్ నేల మీద అంచున 4 సెంటీమీటర్లు, నడుమ పొడి. పదిన్నరకు వాన తగ్గింది. పదకొండుకు అంచున కూడా నీళ్లు లేవు, బురద పూత మాత్రం ఉంది. గడ్డి ట్రాక్టరు మీదినుంచి దిగిన పెద్దాయన చెప్పులు చేతిలో పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచొచ్చి, పాదాలు చూపించాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

ఒకటి మాత్రం సరిగా లేదు. కల్వర్టు అవతలి వైపు సర్కారు తుమ్మ పెరిగి, ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుని నీళ్లు వెనక్కి తంతున్నాయి. ఇంకో గంట పడి ఉంటే అక్కడ ఎత్తు పెరిగి కాలువలోకి తిరిగొచ్చేది. పంచాయతీ వాళ్లు ఇద్దరు కూలీలను పంపుతామన్నారు, జేసీబీ మాది. రేపు పొద్దున ఏడుకు మొదలుపెట్టి అడుగు కనిపించేదాకా తీయాలి, తీశాక ఆ అడుగు లెవెల్ మళ్లీ చదవాలి, 100.00 రావాలి.